నాలుగు డబ్బాలు, ఐదో మనిషి

నేను ముప్పై ఒక్క ఏళ్లు జనం కళ్లె చూసి బతికాను. ఇలా అంటే మా వారికి నచ్చదు. "ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశానని చెప్పొచ్చుగా" అంటారు. చెప్పొచ్చు. కానీ ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు చాలామంది ఆ ఇంగ్లీషు పేరు చూసే వస్తున్నారు, వచ్చిన వారానికే ముక్కు మూసుకుని కూర్చుంటున్నారు. అందుకే ముందే చెబుతున్నాను. మన పని కళ్లెతో. ఊపిరితిత్తుల అడుగు నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్లెతో. అది చూసి అసహ్యించుకునేవాళ్లు ఇంకేదైనా పని చూసుకోవడం వాళ్లకీ మంచిది, రోగికీ మంచిది.

నా సర్వీసంతా నరసరావుపేట చుట్టుపక్కల టీబీ ల్యాబుల్లోనే గడిచింది. బదిలీలు, ప్రమోషన్లు, తనిఖీల సంగతి ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీరే పడతారు. నేను రాయాల్సింది ఒక తప్పు గురించి. నేను చేసిన తప్పు. దానివల్ల ఒక మనిషి చెవిలో ఇప్పటికీ ఈల మోగుతోంది. అయితే ఆ తప్పును సరిదిద్దుకోబోయి ఇంకో మనిషిని చావు నుంచి తప్పించగలిగాం. ఈ రెండింటిలో ఒకటే చెబితే సగం అబద్ధం అవుతుంది.

సుబ్బారావుగారు నేర్పినది

నేను చేరేనాటికి మా ల్యాబులో సుబ్బారావుగారు పెద్ద దిక్కు. సన్నటి మనిషి, గట్టి గొంతు. నాకు మైక్రోస్కోపు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మొదటిరోజే అద్దం మీదికి వంగబోతుంటే భుజం పట్టి లాగారు.

"అమ్మాయ్, అద్దంలో చూసేముందు డబ్బాలో చూడు. సగం సంగతి అక్కడే తెలిసిపోద్ది."

డబ్బా మూత తీస్తే చాలు, పల్చటిదా చిక్కటిదా, చీము ఉందా, నెత్తురు జీర ఉందా, అన్నం మెతుకుందా అన్నీ చూసి రిజిస్టరులో రాయించేవారు. ఎందుకీ చాదస్తం అని లోలోపల విసుక్కునేదాన్ని. కానీ చేతికి అలవాటైపోయింది. ఆయన రిటైరయ్యాక కూడా ఆ గడి ఖాళీగా వదల్లేదు. నా పరువు కాపాడింది ఆ అలవాటే.

ఇంకో అలవాటు నాదే, ఎవరూ నేర్పింది కాదు. నాతోపాటు చేరిన అమ్మాయికి రెండో ఏడే టీబీ వచ్చింది. నయమైంది గానీ ఆమె చిక్కిపోయిన తీరు చూసి నేను హడలిపోయాను. అప్పటినుంచి రోగుల ఇళ్లకు వెళ్లినప్పుడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు. సంచిలో నా సీసా నాకుండేది. టీబీ తిండివల్ల రాదు, గిన్నెలవల్ల రాదు, దగ్గితే గాలిలో వస్తుంది అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని. చెప్పి, నా సీసాలో నీళ్లు నేను తాగేదాన్ని. అందులోని వింత నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

నాలుగు గదుల మిషను

మొండి టీబీ అంటే మామూలు మందులకు లొంగని టీబీ. మా తొలి రోజుల్లో అది మొండిదని తెలియడానికి కళ్లెను పెద్ద ల్యాబుకు పంపి, క్రిమిని పెంచి, మందు పెట్టి చూడాలి. నెలలు పట్టేది. రిపోర్టు వచ్చేసరికి కొందరు ఉండేవాళ్లు కాదు. పోయిన మనిషి పేరు మీద వచ్చిన కాగితాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

అలాంటిచోటికి జన్యుపరీక్ష మిషను వచ్చింది. కళ్లెలో మందునీళ్లు కలిపి, బాగా ఊపి, కాసేపు ఆగి, చిన్న ప్లాస్టిక్ గుళికలో పోసి లోపల పెడితే రెండు గంటల్లో చెబుతుంది, టీబీ ఉందా లేదా, ఉంటే మొండిదా కాదా అని. రిఫాంపిసిన్ అనే మందు, అదే మూత్రం ఎర్రగా పోయే బిళ్ల, క్రిమిని ఎక్కడ పట్టుకుంటుందో జన్యువులో ఆ చిన్న ముక్కనే మిషను వెతుకుతుంది. అక్కడ ఐదు గుర్తులు వేసి చూస్తుంది. ఐదూ అతుక్కుంటే మందు పనిచేస్తుంది. ఒకటి అతుక్కోకపోతే అక్కడ మార్పు వచ్చిందన్నమాట, మందు పనిచేయదు. మిషనులో నాలుగు గదులు, ఒకేసారి నలుగురివి పెట్టొచ్చు.

అది వచ్చిన రోజు నేను పండగ చేసుకున్నాను. దానికోసం గదికి ఏసీ పెట్టారు. అంతకుముందు ఏడాదికోసారి తొంగిచూడని గుమాస్తాలందరికీ మే నెలలో మా గదిలో పనులు పడ్డాయి. ఆ సంబరంలో నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. రెండు గంటల్లో నిజం చెప్పే యంత్రం నా చేతిలో ఉందనుకున్నాను. అది చెప్పేది కళ్లె గురించేనని, మనిషి గురించి కాదని అప్పటికి నాకు తెలియదు.

ఉమ్మి తెచ్చారని కసిరాను

నడికుడి దగ్గర నాపరాళ్ల క్వారీలో ఒక ముఠా పనిచేసేది. పన్నెండుమంది మగాళ్లు, వాళ్లకు వండిపెట్టే ఒక ఆడమనిషి. రాతిదుమ్ములో పనిచేసేవాళ్లకు టీబీ ఎక్కువ గనక అక్కడ శిబిరం పెట్టి, దగ్గున్న నలుగురికి డబ్బాలు ఇచ్చాం. ముఠాపెద్ద ఏడుకొండలు ఆ నలుగురిలో ఒకడు. వాళ్లందరి డబ్బాలూ అతనే బస్సులో నరసరావుపేట తెచ్చాడు. మూత తీస్తే అంతా పల్చటి ఉమ్మి.

"ఇది ఉమ్మి. నేనడిగింది కళ్లె. పొద్దున్నే లేచి లోపల్నుంచి తీసి తెమ్మంటే వినపడదా?" అన్నాను.

"మాది దుమ్ము దగ్గమ్మా. పొడిగా వస్తది, కళ్లె పడదు."

"ఎట్టా తెస్తావో నాకు తెలవదు. ఇది మాత్రం మిషనుకు పనికిరాదు."

నాలుగు రోజులకు మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఉమ్మే. మళ్లీ కసిరి పంపాను. అతను వచ్చిన ప్రతిసారీ ఒకరోజు పని పోతుందని నాకు తెలుసు. తెలిసీ, ఎలా దగ్గాలో ఒక్కసారి పక్కన నిలబడి చూపిద్దామన్న ఆలోచన రాలేదు. మూడోసారి నాలుగు డబ్బాలూ నిండా చిక్కటి కళ్లె తెచ్చాడు.

"ఇదీ కళ్లె అంటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచారయ్యా?" అన్నాను మెచ్చుకోలుగా. ఏడుకొండలు చెవిలో బీడీ సర్దుకుంటూ ఇబ్బందిగా నవ్వాడు. సిగ్గనుకున్నాను.

నాలుగూ ఒకేసారి మిషనులో పెట్టాను. నాలుగూ మొండి టీబీ అని వచ్చాయి.

అంతకుముందు ఎప్పుడూ మందులు వాడనివాళ్లకు ఇలా వస్తే రెండో కళ్లె తీసుకుని మళ్లీ చూడాలని మాకు నేర్పారు. నేను చూడలేదు. ఒకే ముఠా, ఒకే పాక, ఒకరినుంచి ఒకరికి అంటుకుని ఉంటుందని నాకు నేనే కథ అల్లుకున్నాను. ఎంత పెద్ద సంగతి పట్టుకున్నానో అని సంబరపడి సాయంత్రానికే రిపోర్టులు పంపేశాను. నలుగురినీ గుంటూరులో వార్డులో చేర్చారు. అప్పట్లో మొండి టీబీకి రోజూ ఇంజెక్షన్ ఉండేది. కొందరికి చెవులు దెబ్బతీసే ఇంజెక్షన్.

ఆకు తునకలు

పదిరోజుల తర్వాత మా ఫీల్డు సూపర్‌వైజరు బాషా వార్డుకు వెళ్లొచ్చాడు. రోగుల్ని వెతికి, మందులు మింగించే పని అతనిది.

"మేడం, ఏందో తేడాగా ఉంది. నేనున్నంతసేపూ ఆ నలుగురిలో ఒక్కడే దగ్గాడు. మిగతా ముగ్గురూ శుభ్రంగా తిని పేకాట ఆడుతున్నారు. చిన్న అంజయ్య మాత్రం చెవిలో ఈలేస్తందంటన్నాడు."

ఆ మర్నాడు సుబ్బారావుగారు వచ్చారు. రిటైరైనా మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా ల్యాబులోకి వచ్చి కూర్చోవడం, నా రాత బాగోలేదని సణగడం ఆయనకు అలవాటు. రిజిస్టరు తిప్పుతూ ఆగారు.

"అమ్మాయ్, ఈ నలుగురి వరసలోనూ 'చిక్కగా ఉంది, ఆకు తునకలు' అని రాశావే. నలుగురూ ఆకూవక్కా వేస్తారా?"

ఏడుకొండలు చెవిలో బీడీ గుర్తొచ్చింది. శిబిరంలో ఆ నలుగురి నోళ్లూ చూశాను. ఒక్కడికీ ఎర్రటి పళ్లు లేవు. మిషనులో ఆ నాలుగు ఫలితాల వివరాలు తీశాను. ఐదు గుర్తుల్లో అతుక్కోనిది నలుగురికీ ఒక్కటే. ఒకరినుంచి ఒకరికి అంటుకుంటే అది కుదురుతుంది. కానీ క్రిమి ఎంత ఉందో చెప్పే అంకెలు కూడా నాలుగు కాగితాల్లో దాదాపు ఒక్కటే. ఇద్దరు రోగుల కళ్లె అలా ఉండటం నేనెన్నడూ చూడలేదు. నలుగురివి ఉండటం జరగని పని.

"ఒకే కళ్లెరా అమ్మాయ్" అన్నారాయన. ఆ రోజు ఆయన నా రాతను తిట్టలేదు.

ఏడుస్తూనే మా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. కోపిష్టి మనిషి ఆయన. సస్పెన్షనే అనుకున్నాను. కాగితాలు నాలుగూ బల్లమీద పరిచి చూశారు. గుంటూరుకు ఫోను చేసి ఇంజెక్షన్లు ఆపించారు. తర్వాత నావైపు తిరిగారు.

"తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం. ఇది ఎవరి కళ్లె? ఆ మనిషి మందుల్లేకుండా ఎక్కడో తిరుగుతూ ఉంటారు. ముందు అది కనుక్కో."

నేను అప్పటిదాకా నా ఉద్యోగం గురించే ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. తర్వాత పైకి రాసిన సంజాయిషీలో ఆయన 'మా యూనిట్ తప్పు' అని రాశారు తప్ప నా పేరు రాయలేదు. అలాంటి అధికారి దొరకడం నా అదృష్టం.

మర్నాడు వార్డుకు వెళ్లి నలుగురితోనూ నా ఎదురుగానే దగ్గించాను. నడుం మీద చేతులు పెట్టించి, మూడుసార్లు గట్టిగా గాలి పీల్పించి, ఆవిరి పట్టించి. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను మొదటే పెట్టి ఉంటే ఈ కథే లేదు. ముగ్గురికి టీబీయే లేదు. ఏడుకొండలికి ఉంది, మామూలు మందులకు లొంగేది.

"ఆ కళ్లె ఎవరిది ఏడుకొండలూ?" అని అడిగాను.

తల వంచుకునే చెప్పాడు.

"పుల్లమ్మక్కదమ్మా. మాకు వండిపెట్టుద్ది. తెలిస్తే వంట మానిపిస్తారని శిబిరం రోజు దగ్గు దాచుకుని పాకలోనే ఉండిపోయింది. నువ్వు రెండుసార్లు తిప్పి పంపితివి. అక్కకేమో దగ్గితే దండిగా పడుద్ది. మా ముఠాలో ఒకడికి చేతకాకపోతే వాడి పని ఇంకొకడు చేస్తాడు, వాటా మాత్రం ఆగదు. కళ్లె కూడా అట్టాగే అనుకున్నాం."

"రిపోర్టు అట్టా వచ్చాకన్నా చెప్పొద్దా? ఇంజెక్షన్లు ఎందుకు పొడిపించుకున్నారు?"

జవాబు అంజయ్య చెప్పాడు, చెవి రుద్దుకుంటూ. "ఆమె చేతి కూడే గదా తింటన్నాం, మాకూ వచ్చే ఉంటదిలే అనుకున్నాం. చెబితే ఆమె పొట్ట మీద కొట్టినట్టయిద్దని నోరు మూసుకున్నాం."

నడికుడిలో

బాషా బండి మీద నడికుడి వెళ్లాను. అప్పటికి అంజయ్య, ఏడుకొండలు తిరిగొచ్చేశారు. రేకుల పాక పక్కన పుల్లమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయేమో, చూస్తే అరవై అనిపించింది. మెడ ఎముకలు బయటికొచ్చాయి. బుగ్గన ఆకు. మాట్లాడితే ఆయాసం, ఆయాసంలో దగ్గు. ఇంతకుముందు రెండుసార్లు టీబీ మందులు మొదలుపెట్టి, ఒళ్లు తేలికపడగానే మానేసిందట. మామూలు టీబీ మొండిదయ్యేది ఎక్కువగా అలాగే.

నేనెవరో తెలిసింది. అయినా లేచి సత్తుగ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"ఎండన పడొచ్చావు, తాగమ్మా."

"వద్దమ్మా, నాకు అలవాటు లేదు" అని సంచిలోంచి నా సీసా తీశాను. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది.

పుల్లమ్మ ఆ సీసాకేసి చూసింది. గ్లాసు కింద పెట్టేసింది.

"తిండివల్ల రాదని శిబిరంలో మైకులో చెప్పింది నువ్వే గదా? నువ్వే తాగకపోతే రేపు వీళ్లు నా చేతి కూడు తింటారా? నేను డబ్బా ఇయ్యను. దగ్గుతోనే పోతాలే, వండుకుంటా పోతా. నీకో దణ్ణం."

బాషా ఏదో సర్దిచెప్పబోతే నేనే ఆపాను. ఆమె అన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. ఇప్పుడు గ్లాసు తీసుకుని తాగితే నటన అవుతుంది. తాగకపోతే ఆమె చచ్చిపోతుంది.

అంజయ్య లేచి వచ్చి పొయ్యి ముందు చతికిలబడ్డాడు. "అక్కా, ఆకలేస్తంది. కూడు పెట్టు."

ఆమె కదల్లేదు. అతనే కంచం తీసుకుని కుండలో అన్నం పెట్టుకుని, నేను వద్దన్న మజ్జిగ పోసుకుని, ఆమె ఎదురుగా తినడం మొదలుపెట్టాడు. ఏడుకొండలు వచ్చాడు. ఇంకొకడు వచ్చాడు. కంచాల చప్పుడే.

"నీ వాటా యాడికీ పోదు. నయమయ్యేదాకా పొయ్యి మేం చూసుకుంటాం. అమ్మగారికి డబ్బా ఇయ్యి" అన్నాడు ఏడుకొండలు తింటూనే.

పుల్లమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని డబ్బాకోసం చెయ్యి చాపింది. వచ్చేటప్పుడు మజ్జిగ గ్లాసు ఉన్న చోటు చూడలేక వేరే దారిన బండెక్కాను.

రెండేళ్లు

మిషను చెప్పింది మేమనుకున్నదే. మొండి టీబీ, అతుక్కోని గుర్తు అదే. ఆ రోజుల్లో వైద్యం రెండేళ్లు. గుప్పెడు బిళ్లలు, వాంతులు, కాళ్ల తిమ్మిర్లు. ఇంజెక్షన్ల కాలమంతా చెవులు పరీక్ష చేయిస్తూ ఉన్నాం. అంజయ్య నేర్పిన జాగ్రత్త అది. ఇప్పుడు చాలామందికి ఇంజెక్షన్ లేకుండా నెలల్లోనే పూర్తయ్యే మందులొచ్చాయి. మీరు అదృష్టవంతులు, మీ రోగులు ఇంకా అదృష్టవంతులు.

ముఠావాళ్లు మాట నిలబెట్టుకున్నారు. పుల్లమ్మకు గాలి ఆడేలా విడిగా పాక వేశారు. వంతులవారీగా వండారు. "ఆ వంట తిని బతకడం కన్నా నీ బిళ్లలు మింగడమే నయం" అనేది నాతో. రెండుసార్లు మానేస్తానంది. రెండుసార్లూ బాషా వెళ్లి ఆమె తిట్లన్నీ తిని, ఎదురుగా కూర్చుని మింగించి వచ్చాడు. అలాంటి బాషాలు లేకపోతే మన ల్యాబు రిపోర్టులన్నీ చిత్తుకాగితాలే.

ఆమెకు నయమైంది. అంజయ్య ఎడమ చెవిలో ఈల మాత్రం పోలేదు. క్షమించమని అడిగాను. "పోనీలేమ్మా, నాకు తోడుగా వాయించుకుంటా ఉంటది" అని నవ్వాడు. ఆ నవ్వుకు నేను అర్హురాలిని కాను.

పిల్లలూ, నేను చెప్పేది కొంచెమే. మిషను అబద్ధం చెప్పదు. అలాగని అడగనిది చెప్పదు. చచ్చిన క్రిమి జన్యువును కూడా ఉందనే చూపిస్తుంది, అందుకే మందులు పూర్తిచేసినవాళ్లను దాన్నిబట్టి మళ్లీ రోగి అనకండి. డబ్బాలో చూడండి. రోగి దగ్గుతుంటే పక్కన నిలబడండి, గాలి తగిలేచోట, మాస్కు వేసుకుని. కసరకండి. మీరు కసిరితే మీకు కావాల్సింది ఎలాగోలా తెచ్చి ఇస్తారు, నిజం మాత్రం ఇవ్వరు.

మిషన్లో పెట్టి చూడు

నా రిటైర్మెంటుకు వారం ముందు మధ్యాహ్నం పుల్లమ్మ వచ్చింది. ఒళ్లు చేసింది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. నన్ను ల్యాబు బయట వరండాలోకి లాక్కెళ్లి బల్లమీద విప్పింది. గోంగూర పప్పు, దోసకాయ పచ్చడి, అన్నం.

"వెళ్లిపోతన్నావంటగా. తిను."

నా చెయ్యి కదలడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం ఆమె చూసింది. ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకుంది మరి.

"ఏందమ్మా, ఇంకా భయమా? అనుమానమైతే నీ మిషన్లో పెట్టి చూడు. రెండు గంటలేగా, కూర్చుంటాలే."

నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఆమే కలిపి మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక రోగి చేతి ముద్ద తినడం నాకదే మొదలు.

"పప్పులో ఉప్పెక్కువైంది పుల్లమ్మా" అన్నాను.

"నేను సరిగ్గానే వేశాను. నువ్వు కళ్లు తుడుచుకుని తిను" అంది.